పుట్టువెంట్రుకల ఒప్పందం

మార్చి 2

లుగానో నుంచి రెనాతో అనే ఆయన వచ్చి వెళ్ళాడు. వానలో మా మైదానమంతా తిరిగి కూడా బూట్లకు బురద అంటనివ్వని మనిషిని ఇవాళే చూశాను. గ్యాలరీ మెట్లు ఎక్కాడు, దిగాడు, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో గోడ మీద వేలితో గీశాడు. పొడి రాలింది. ఆ గోడకు ప్లాస్టరింగ్ చేసింది నేనే. బెర్గామోలో అంతకాలం ఇటలీవాళ్ళ గోడలు అద్దంలా నున్నగా చేసి, సొంత ఊరి గోడ దగ్గరికి వచ్చేసరికి ఇసుక ఎక్కువ కలిపాను. చేతిలో ఉన్నదంతా అప్పటికే అయిపోవచ్చింది మరి.

రెనాతో కంపెనీ మాలాంటి చిన్న దేశాల్లో ఫుట్‌బాల్ క్లబ్బులు కొంటుంది. కుర్రాళ్ళను పెంచి, ఆట నేర్పి, పెద్ద దేశాల క్లబ్బులకు అమ్ముతుంది. అందులో తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఇటలీ నుంచి తిరిగొచ్చి ఈ క్లబ్ నెత్తికెత్తుకున్నప్పుడు నేను చేద్దామనుకున్నదీ అదే. నాకు చేతకాలేదు, వాళ్ళకు చేతనవును. కొత్త గడ్డి, దీపాలు, కుర్రాళ్ళకు హాస్టలు, అన్నీ వాళ్ళే వేస్తారట.

షరతులు రెండు. క్లబ్ మొత్తం వాళ్ళకే కావాలి, కాబట్టి కార్మికుల సంఘం కూడా చేతులెత్తి ఒప్పుకోవాలి. రెండోది, కోచ్ వాళ్ళ మనిషే ఉంటాడు.

మొదటిదానికి సరేనన్నాను. రెండోదానికి ఏమన్నానో గుర్తు లేదు. అప్పటికే కారు స్టార్ట్ చేసి ఉంది, హడావిడిలో ఉన్నాం.

జూన్‌లోగా అంతా అయిపోవాలి. జూన్ తర్వాత నేను ఇక్కడ ఉండను.

మార్చి 3

ప్రేనాకు ఫోన్ చేసి జూన్‌లో బెర్గామో వచ్చేస్తానని చెప్పాను. "ఏ సంవత్సరం జూన్?" అంది నా భార్య.

మార్చి 8

మ్యాచ్ డ్రా. చివర్లో గోల్ ఇచ్చేశాం. మా కోచ్ లేష్ బెంచీ మీంచి లేచి అరవలేదు, తిట్టలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అలా టోపీ తీశాడంటే ఆటగాళ్ళకు తిట్లకంటే ఎక్కువ.

రాగి ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఇది ఫ్యాక్టరీ జట్టు. లేష్ అప్పట్లో కొలిమి దగ్గర పని చేసి, ఆదివారాలు డిఫెన్స్ ఆడేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక జట్టు మూతపడకుండా పట్టుకున్నది ఆయన ఒక్కడే. పాత కార్మికుల సంఘానికి క్లబ్బులో మూడో వంతు ఉంది, మిగతాది నాది. సంఘానికి పెద్ద లేషే. ఆయన చెయ్యి లేవకపోతే మా ఊళ్ళో, గుర్‌బార్ద్‌లో, ఇంకో చెయ్యి లేవదు.

ఆట అయ్యాక జేఫ్ కాఫీ కొట్లో కూర్చున్నాం. లుగానోవాళ్ళ విషయం కదిపాను.

"ఎవరు వాళ్ళు?" అన్నాడు లేష్.

"కంపెనీ. పెద్ద కంపెనీ, కుంబార్. జార్జియాలో వాళ్ళు పెట్టిన అకాడమీ ఫోటోలు చూపిస్తాను, ఉండండి."

"ఫోటోలు కాదయ్యా. మనుషులెవరు? వాళ్ళ నాన్న ఎవరో నీకు తెలుసా? వాళ్ళింట్లో ఎప్పుడైనా రొట్టె తిన్నావా?"

జేఫ్ గ్లాసులు తుడుస్తూ, "లుగానోలో రొట్టె తినాలంటే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి లేష్ పెద్దాయనా" అన్నాడు.

"అదే అంటున్నా. పాష్కో, నువ్వు మనవాడివి, క్లబ్ నీకిచ్చాం. గోడ కూల్చినా మనవాడివే, కట్టినా మనవాడివే. ఊరూ పేరూ తెలీనివాడికి ఎలా ఇస్తాం? మనవాడు కానివాడికి నేను చెయ్యెత్తను. కాఫీ తాగు."

అంతే. మాట తెగిపోయింది.

లేష్ పెద్ద మనవడు నిక్‌కి పుట్టువెంట్రుకలు తీసింది నేనే. ఆ రోజు నుంచి ఆయన నాకు కుంబార్, నేను ఆయనకు కుంబార్. కత్తెర పట్టినవాడు ఆ ఇంటికి రక్తం పంచుకున్నవాడి కిందే లెక్క. సొంత అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కడం చూశాను కానీ కుంబార్‌లు ఎక్కడం ఈ చుట్టుపక్కల చూడలేదు. కత్తెర నా చేతికి ఇచ్చినప్పుడు గర్వంతో నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడేమో ఒక్కోసారి వేరే అనుమానం వస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు నేను వదిలేసి పోతానని పసిగట్టే ముసలాయన ఆ కత్తెర నాకిచ్చాడేమో. అలా అనుకోవడం తప్పు. తప్పని తెలిసీ ఇవాళ మళ్ళీ అనుకున్నాను.

మార్చి 14

వారమంతా వాన. మైదానంలో నీళ్ళు నిలిచాయి. లీగ్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి స్తంభాలకేసి చూసి, దీపాలు పెట్టకపోతే వచ్చే ఏడాది లైసెన్స్ లేదన్నాడు. లైసెన్స్ లేకపోతే కింది లీగు. కింది లీగుకు పడ్డ క్లబ్బును లుగానోవాళ్ళే కాదు, పక్క ఊరివాళ్ళు కూడా కొనరు. ఈ క్లబ్ కోసం పెట్టిన బెర్గామో ఇల్లు బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంది. ఇటు కదిలితే ప్రేనా, అటు కదిలితే లేష్, మధ్యలో బురదలో నేను.

ఆటగాళ్ళకు ఈ సంగతులేవీ తెలియవు. శిక్షణ ఆపేసి బురదలో జారుడు పందెం పెట్టుకున్నారు. లేష్ ఆపలేదు సరికదా, ఎవడు ఎక్కువ దూరం జారాడో అడుగులేసి కొలిచాడు. కిటికీలోంచి చూస్తూ నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు బయటికి పోబుద్ధి కాలేదు.

ఈ క్లబ్ అమ్మడం క్లబ్బును బతికించడానికే. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా చెప్పగలను.

మార్చి 21

లేష్ ఇంట్లో భోజనం. ఆయన కోడలు వితోరె చిన్నవాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. పాల్‌కి ఏడాది నిండబోతోంది. జుట్టు చెవుల మీద పడి, ఉంగరాలు తిరిగి, ఆడపిల్ల అనుకునేలా ఉన్నాడు.

"వీడి జుట్టు సంగతేంటమ్మా?" అన్నాను.

"ఎవరి చేత తీయించాలో మామయ్య తేల్చట్లేదు. పెద్దోడికి మీలాంటి కుంబార్ దొరికాడు, చిన్నోడికి అంతకంటే తక్కువోణ్ణి తెస్తే వాడు పెద్దయ్యాక నన్ను తిడతాడంటున్నారు."

అందరూ నవ్వారు. ద్రాండె, లేష్ భార్య, నా పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేసింది. నాకు అప్పుడు తట్టింది. దేవుడు తట్టించాడో ఎవడు తట్టించాడో తెలియదు.

"లుగానో రెనాతో చేత తీయిద్దామా?" అన్నాను.

లేష్ ఫోర్కు కింద పెట్టాడు.

"పరాయివాడు వస్తాడా?"

"వస్తాడు."

"కత్తెర పడితే ఏమవుతుందో వాడికి తెలుసా?"

"నేను చెప్తాను కదా కుంబార్."

లేష్ చెయ్యి చాచి పిల్లాడి జుట్టు నిమిరాడు. పాత రోజుల్లో తుర్కులూ క్రైస్తవులూ కూడా ఇలాగే కలిసిపోయారని వాళ్ళ తాత చెప్పేవాడట. పగలున్న ఇళ్ళ మధ్య కూడా కత్తెర పడితే తుపాకులు దిగిపోయేవట. "వాడొచ్చి వీడి జుట్టు తీస్తే మనవాడే అవుతాడు. అప్పుడు నాకు అడ్డేముంది?" అన్నాడు.

నాకు గుండె తేలికయింది. ఇంటికొస్తూ దారిలో ఈల వేశాను. కుంబార్ అయ్యాక రెనాతో మాత్రం లేష్‌ను ఎలా తీసేస్తాడు? ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ తట్టలేదేమిటని నవ్వొచ్చింది. ఒక్క కత్తెరతో అందరూ బాగుపడతారు.

మార్చి 24

రెనాతోకి ఫోన్ చేశాను. మా ఆచారం గురించి అంతా వివరంగా చెప్పాను. సంతోషంగా ఒప్పుకున్నాడు.

మార్చి 25

వివరంగానే చెప్పాను. ఫోన్లో ఎంతవరకు చెప్పగలమో అంతా చెప్పాను. తెలివైనవాడు, అర్థం చేసుకునే ఉంటాడు.

ఏప్రిల్ 6

ఇవాళ్టి సంగతి తీరిగ్గా రాయాలి.

రెనాతో తెల్ల చొక్కా వేసుకుని, వెంట ఫోటోలు తీసే అమ్మాయిని తీసుకుని వచ్చాడు. వాకిట్లో లేష్ కొడుకు తోమా గొర్రెను కాలుస్తున్నాడు. వీధి వీధంతా వచ్చింది. ద్రాండె తన పెళ్ళినాటి నల్ల పావడా కట్టుకుంది. ఆమెను ఆ బట్టల్లో చూడటం నాకు ఇదే మొదలు. నిక్ పుట్టువెంట్రుకలప్పుడు కూడా కట్టుకోలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన కుంబార్ కదా, ఇంటి పరువు చూపించాలి.

పాల్‌ని కుర్చీ మీద నిలబెట్టారు. వెండి పళ్ళెం పట్టుకుని వితోరె పక్కన నిలబడింది. రెనాతో కత్తెర తీసుకుని, ఎక్కడ కత్తిరించాలన్నట్టు నాకేసి చూశాడు. నుదుటి మీద, రెండు చెవుల దగ్గర, వెనక అని చూపించాను. కత్తిరించాడు. ఉంగరాల జుట్టు పళ్ళెంలో పడింది. పిల్లాడు ఏడవకుండా రెనాతో ముక్కు పట్టుకున్నాడు. జనం ఈలలు, చప్పట్లు. ఫోటోలమ్మాయి చుట్టూ తిరిగి తీసింది. రెనాతో పళ్ళెంలో బంగారు గొలుసు పెట్టాడు. అది ముందే కొని అతని జేబులో పెట్టింది నేనే.

అప్పుడు లేష్ ముందుకొచ్చి రెనాతోని రెండు చేతులతో పట్టుకుని రెండు బుగ్గలకూ బుగ్గలు ఆనించాడు. దొంగచాటుగా ఇటలీ టీవీ చూస్తూ పెరిగిన తరం మాది. రెనాతో మాట్లాడే ఇటాలియన్‌లో మాకెవరికీ మాట తడుముకోనక్కర్లేదు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇల్లు నీ ఇల్లు. నీకు కష్టమొస్తే అర్ధరాత్రి అయినా ఈ తలుపు కొట్టు. నాకు కష్టమొస్తే నీ తలుపు కొడతాను" అన్నాడు లేష్.

"తప్పకుండా, తప్పకుండా" అన్నాడు రెనాతో. మా ఊరి సారా, రాకీ, రెండు గ్లాసులు పడ్డాక అతని కళ్ళు కూడా కాస్త తడిశాయి. చూశాను, నిజంగానే తడిశాయి. నా కంగారంతా అనవసరం. కత్తెర చేతిలోకి వచ్చాక ఎవడికైనా ఏదో అవుతుంది, ఎంత లుగానోవాడైనా.

జేఫ్ నా చెవిలో, "ఒరేయ్ పాష్కో, లేష్ ఇంటి బల్ల దగ్గర నీ పెద్ద కుర్చీకి పోటీ వచ్చాడ్రా" అన్నాడు. గట్టిగా నవ్వాను.

సాయంత్రం రెనాతో వెళ్ళిపోతూ కారు దగ్గర నా భుజం తట్టి, చాలా అందంగా జరిగిందన్నాడు. అందంగా అని అన్నాడు.

ఏప్రిల్ 9

సంఘం సమావేశం. పాత ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరికంటే ముందు లేష్ చెయ్యి లేచింది. మిగతావాళ్ళ చేతులు ఆ వెనకే లేచాయి. ఒకాయనకు భుజం పనిచేయదు, ఎడమచెయ్యి ఎత్తాడు. బయటికొచ్చి గోడ వెనక నిలబడి ఏడ్చాను. సంతోషమే.

ఏప్రిల్ 30

సంతకాలు అయ్యాయి. బ్యాంకువాళ్ళు బెర్గామో ఇంటి కాగితాలు విడిచిపెట్టారు. ప్రేనా ఫోన్లో ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత, "సరే, ఇంక ఆ ఊరి మట్టి దులుపుకుని వచ్చెయ్. నువ్వు లేని ఇల్లు నాకు అలవాటైపోతోంది, జాగ్రత్త" అంది. జూన్ పద్నాలుగుకి టికెట్ తీసుకున్నాను.

కొత్త కోచ్ గురించి రెనాతోని అడగలేదు. అడిగితే లేనిది గుర్తు చేసినట్టవుతుంది.

మే 3

మైదానంలో యంత్రాలు దిగాయి. పాత గడ్డి చుట్టలు చుట్టి తీసుకుపోతున్నారు. లేష్ రోజూ వచ్చి చూస్తున్నాడు. "నా కుంబార్ మాట మీద నిలబడే మనిషి" అని కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు. నా గురించి కాదు.

మే 12

మధ్యాహ్నం లేష్ ఆఫీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను కాఫీ తెప్పించాను. ఆయన మొహంలో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది.

"లుగానో నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది పాపం. జూన్ నుంచి నన్ను రావద్దంది. క్రొయేషియా నుంచి ఎవరో వస్తున్నారట."

కాఫీ కప్పు ఆయన ముందుకు జరిపాను.

"ఆఫీసులో ఎవరో పొరపాటు చేసుంటారు. రెనాతోకి తెలీకుండా జరిగుంటుంది. కుంబార్ అలా చెయ్యడు. నువ్వొకసారి ఫోన్ చెయ్యి. నేను చేస్తే అడుక్కున్నట్టుంటుంది."

"సాయంత్రం చేస్తాను కుంబార్. ఇప్పుడు మీటింగులో ఉంటాడు."

"ఇప్పుడే చెయ్యి. స్పీకర్ పెట్టు, నేనూ పలకరిస్తాను. పిల్లాడి జుట్టు మళ్ళీ ఎంత పెరిగిందో చెప్పాలి."

ఫోన్ మోగుతున్నంతసేపూ అతను ఎత్తకూడదని అనుకున్నాను. ఎత్తాడు. లేష్ ఉద్యోగం సంగతి అడిగాను. మెల్లగా, మంచిగా, ఎవరినీ నొప్పించకుండా అడిగాను.

"పాష్కో, ఇదేంటి కొత్తగా? మార్చిలోనే చెప్పాంగా, కోచ్ మా మనిషే అని. నువ్వు సరేనన్నావు."

"అవును, కానీ ఆ తర్వాత నువ్వు వాళ్ళ పిల్లాడికి..."

"ఆ పిల్లాడి విషయమా? అదీ నువ్వు చెప్పిందేగా. కాస్త జుట్టు కత్తిరిస్తే చాలు, ఫోటో బాగా వస్తుంది, ముసలాయన సంతోషించి చెయ్యెత్తుతాడు, అంతకంటే ఏమీ లేదు అన్నావు. ఫోటో నిజంగానే బాగా వచ్చింది, మా వెబ్‌సైట్లో పెట్టాం. చూశావా?"

లేష్ ముందుకు వంగాడు.

"రెనాతో, నేను లేష్‌ని. పిల్లాడు బాగున్నాడు. నడుస్తున్నాడు."

"సంతోషం, మిస్టర్ లేష్. ఇంట్లో అందరికీ నా నమస్కారాలు" అని రెనాతో ఫోన్ పెట్టేశాడు.

లేష్ తిడతాడనుకున్నాను. బల్ల మీద చెయ్యి కొడతాడనుకున్నాను. అదే కోరుకున్నాను కూడా. ఆయన తన కాఫీ తాగేసి, కప్పు సాసర్లో సర్ది పెట్టాడు. నా కప్పుకేసి చూపించాడు.

"తాగు. చల్లారిపోతోంది."

మెట్లు దిగుతూ మోకాలి నొప్పికి గోడ పట్టుకున్నాడు. చేతికి పొడి అంటుకుంటే ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మే 13

ఏమీ రాయలేను.

మే 15

మార్చి 24న ఏం రాశానో ఇప్పుడు తిప్పి చూశాను. అందులో ఉన్నది అబద్ధమని చెప్పలేం. ఫోన్లో ఎంతవరకు చెప్పగలమో అంతా చెప్పాను.

లేదు. చెప్పలేదు.

మే 22

పది రోజులుగా జేఫ్ కొట్టుకు పోలేదు. ఇవాళ తెగించి వెళ్ళాను. మొహం మీద ఉమ్మేస్తారనుకున్నాను. నేను లోపలికి రాగానే బల్లల దగ్గరివాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకాయన కుర్చీ లాగాడు.

"రారా పాష్కో. ఊరికి దీపాలు తెచ్చినవాడివి, నీ కాఫీకి ఇవాళ ఎవరూ డబ్బు తీసుకోరు" అన్నాడు జేఫ్.

"లేష్ పెద్దాయన విషయం..."

"ఆయనే మానేశాడుగా. మోకాళ్ళు ఇంక లాభం లేదని, తనే పోయి మీ ఇద్దరితో చెప్పానని మొన్న ఇక్కడే కూర్చుని చెప్పాడు. మీరిద్దరూ బతిమాలారట, ఉండమని. రెనాతో అయితే ఫోన్లో ఏడ్చినంత పని చేశాడటగా. మనవాడేరా వాడు కూడా. ఎక్కడో పుట్టాడు గానీ మనవాడే."

కాఫీ తాగాను. ఇంకో కప్పు పెట్టబోతుంటే లేచి నిలబడ్డాను. ఎండ ఎక్కువైందన్నాను.

లేష్ ఇంట్లోవాళ్ళకు కూడా ఇదే చెప్పాడని తెలిసింది. కొడుక్కి, భార్యకి, అందరికీ. కుంబార్ పేరు చెడకూడదు. కుంబార్ పేరు చెడితే కత్తెర చేతికిచ్చిన ఇంటి పేరు చెడుతుంది, రేపు పిల్లలు ఎవరి పేరు చెప్పుకుంటారు? ఆయన నన్ను కాపాడటం లేదు. ఆయన ఇంటిని కాపాడుకుంటున్నాడు. ఆ ఇంట్లో నేను ఉన్నాను, ఆ రెనాతో ఉన్నాడు, ఇద్దరినీ ఇంక బయటికి పంపే వీల్లేదు.

మే 29

నిజం చెప్పేద్దామని బయల్దేరాను. జేఫ్ కొట్టు గుమ్మం దాకా వెళ్ళాను. నేను నోరు తెరిస్తే లేష్ ఊరందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు. మోకాళ్ళ మాట అబద్ధం, బతిమాలిన మాట అబద్ధం. ఆయన దగ్గర మిగిలింది మాట ఒక్కటే, దాన్ని కూడా నేనే తీసుకోవాలా?

వెనక్కి వచ్చేశాను. పద్నాలుగో తారీకు ఎప్పుడొస్తుందా అని ఉంది.

జూన్ 5

దీపాలు వేసి చూశారు. మైదానం పట్టపగల్లా ఉంది. ఊరంతా వచ్చింది. లేష్ రాలేదు, మోకాళ్ళు.

జూన్ 11

తోమా వచ్చి పిలిచాడు. ఎల్లుండి సెయింట్ ఆంటోనీ పండగ, వాళ్ళింటి పండగ. "నాన్న మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నాడు. పెట్టె సర్దుకునే పని ఉన్నా సరే." నేను వెళ్ళిపోతున్నట్టు లేష్‌కు నేను చెప్పనేలేదు. ఊళ్ళో ఏదీ దాగదు.

జూన్ 13

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే దారి లేదు.

బల్ల మొదట్లో పెద్ద కుర్చీ నాకే వేశారు. దాని పక్కన ఇంకో కుర్చీ, ఖాళీగా. దాని ముందు కూడా పళ్ళెం, గ్లాసు, మడిచిన తెల్ల గుడ్డ. గొర్రె తలకాయ పళ్ళెంలో పెట్టి ద్రాండె తనే తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో అందరికంటే పెద్ద అతిథికి పెట్టేది. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా నేను మొదటి ముద్ద తినేవరకు ఆగారు. తిన్నాను.

"రెండో కుంబార్ రాలేదేమయ్యా?" అంది ద్రాండె ఖాళీ కుర్చీకేసి చూస్తూ. "పండగకి వస్తాడేమోనని ఆయనకిష్టమని మొక్కజొన్న రొట్టె కూడా చేశాను. పిల్లాడి బుగ్గలు చూసుకుంటాడనుకున్నా."

బల్ల అంతా నాకేసి తిరిగింది. లేష్ కూడా చూశాడు. ఆ ఫోన్ తర్వాత ఆయన నా కళ్ళలోకి చూడటం అదే మొదలు. కోపం ఉంటే బాగుండేది. ఎదురుచూస్తున్నాడు, అంతే. నేను ఏం చెబుతానో ఇల్లంతా వినాలని ఎదురుచూస్తున్నాడు.

"పని తగిలింది వదినా" అన్నాను. "చాలా బాధపడ్డాడు రాలేకపోయినందుకు. మీ అందరినీ పేరుపేరునా అడిగాడు. పాల్‌ని ముద్దు పెట్టుకోమన్నాడు."

"విన్నారా? ఎక్కడున్నా మనసు ఇక్కడే" అంది ద్రాండె, కళ్ళు తుడుచుకుంటూ. వితోరె పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. రెనాతో తరఫున ముద్దు పెట్టుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

లేష్ గ్లాసు ఎత్తాడు. "నా ఇద్దరు కుంబార్‌లకి" అన్నాడు.

తాగాం.

గేటు దాకా ఆయనే వచ్చి సాగనంపాడు. నెమ్మదిగా నడిచాడు. మోకాళ్ళు నిజంగానే పాడయ్యాయో, లేక అలా నడవడం అలవాటు చేసుకున్నాడో. గేటు దగ్గర నిలబడి ఇంటివైపు చూస్తూ, ఎంతో మామూలుగా, మ్యాచ్ ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పాడు.

"వాణ్ణి ఈ ఇంటికి తెచ్చింది నువ్వు. వాడు రాడని నీకూ నాకూ తెలుసు. పిల్లలకి తెలీకూడదు, ద్రాండెకి తెలీకూడదు. క్రిస్మస్‌కి వాడి పేరు మీద వాడి కానుక రావాలి. పాల్ బడికి పోయే రోజు వాడి దీవెన పిల్లాడికి చేరాలి. వాడు రాని ప్రతి పండక్కీ నువ్వు వస్తావు కుంబార్, ఇద్దరి తరఫునా. నేను పోయాక కూడా."

తిట్టమని, కొట్టమని, ఈ గడప తొక్కొద్దనమని అడగాలనిపించింది. ఆ మూడింట్లో ఏది అన్నా రేపు విమానం ఎక్కేవాణ్ణి.

"వస్తాను" అన్నాను.

భుజం మీద చెయ్యి వేసి నొక్కి, లోపలికి వెళ్ళిపోయాడు. ఇక్కడ నా ఇంట్లో పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ప్రేనాకు ఇంకా ఫోన్ చేయలేదు.